కాలిబాటల సంరక్షణ నేర్చుకుందాం – 3: నీళ్ళను బాట మీంచి దించడం

కిందటి పాఠంలో బాట మీదికి వాలిన కొమ్మల్ని ఎలా తీయాలో చూశాం. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే మెడను వదిలేసి, దాని అంచున రంపం పెట్టాలని చెప్పాను. ఎండుకొమ్మ మీద సాధన చేసే ఉంటారు. ఇప్పుడు కొమ్మల్ని వదిలి నేలను చూద్దాం.

ఈ ధారావాహికలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే పాఠం ఇది. మిగతావి మర్చిపోయినా ఇదొక్కటి వంటబడితే ఏ కొండదారి మీద వాలంటీర్‌గా వెళ్ళినా మీరు పనికొచ్చే మనిషే. కొండదారిని పాడుచేసే వాటిలో నీటిదే మొదటి స్థానం. కాళ్ళు మట్టిని వదులు చేస్తాయి, నీళ్ళు దాన్ని మోసుకుపోతాయి. కాళ్ళను ఆపడం మన పని కాదు, ఆ దారి ఉన్నదే నడవడానికి. నీళ్ళను మాత్రం పక్కకి దించగలం.

బాట కాలువగా ఎలా మారుతుంది

కొండ పక్కవాలును అడ్డంగా చెక్కి, మనిషి నడిచేంత వెడల్పున పట్టీలా చదును చేస్తే అది కాలిబాట. బాగా వేసిన బాట పూర్తి చదునుగా ఉండదు. లోయ వైపుకి రవ్వంత వాలి ఉంటుంది. ఆ వాలు నూటికి 5 చాలు. అంటే 60 సెంటీమీటర్ల వెడల్పున్న బాటలో లోయ వైపు అంచు కొండ వైపు అంచుకన్నా 3 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. నడిచేవాళ్ళ కాలికి అది తెలియదు, నీళ్ళకి తెలుస్తుంది. వాన పడ్డప్పుడు కొండ మీంచి పల్చటి పొరలా దిగే నీరు బాటను అడ్డంగా దాటి అవతల ఆకుల్లోకి ఇంకిపోతుంది.

కొన్నేళ్ళు జనం నడిచేసరికి ఈ ఆకారం చెడుతుంది. అడుగులు పడే మధ్యభాగం అణిగి పళ్ళెంలా గుంట పడుతుంది. కాళ్ళు తోసిన మట్టి లోయ వైపు అంచున చేరి, దాని మీద గడ్డి మొలిచి, చిన్న గట్టవుతుంది. ఆ గట్టు నాలుగు వేళ్ళ ఎత్తున్నా చాలు, నీరు ఇక అవతలికి దిగలేదు. నీరు పల్లమెరుగు అంటారు కదా, దానికి దొరికిన పల్లం ఇప్పుడు బాటే. అడ్డంగా దాటాల్సిన నీరు బాట పొడవునా పరిగెత్తడం మొదలుపెడుతుంది.

పరిగెత్తే కొద్దీ పైనుంచి వచ్చి కలిసే నీరు పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. వేగం రెండింతలైతే నీరు కదిలించగల రాయి బరువు, లెక్క ప్రకారం, సుమారు 64 రెట్లు అవుతుంది. అందుకే 10 మీటర్ల పొడవున పారిన నీరు సన్నమట్టిని కడిగి వదిలేస్తే, 60 మీటర్లు పారిన నీరు గులకరాళ్ళను దొర్లించి మోకాలి లోతు కోత పెట్టగలదు. ఆ కోతలో నడవలేక జనం పక్కనుంచి నడుస్తారు. అక్కడ గడ్డి చచ్చి, మట్టి వదులై, అక్కడా కోత మొదలవుతుంది. ఒక బాట రెండు మూడు పాయలుగా చీలిందంటే వెనకాల జరిగిన కథ చాలాసార్లు ఇదే.

కాబట్టి ఈ పాఠంలో మనం నేర్చుకునేది ఒక్కటే: నీరు బలం పుంజుకోకముందే, కొంచెంగా ఉన్నప్పుడే, పదేపదే దాన్ని బాట మీంచి దించేయడం.

ముందు కళ్ళతో పని

పార పట్టే ముందు ఒకసారి వానలో నడవండి. గాలివాన, పిడుగులు, వరద భయం లేని మామూలు వానలో, తోడుగా ఒకరిని తీసుకుని, తెలిసిన బాట మీదికి వెళ్ళండి. నీరు బాట మీదికి ఎక్కడ ఎక్కుతోంది, ఎంతదూరం మీతో పాటు నడుస్తోంది, ఎక్కడ దిగిపోతోంది, ఈ మూడే చూడండి. పొడి రోజున గంటసేపు బుర్ర పెట్టినా అర్థంకానిది వానలో పది నిమిషాల్లో తెలుస్తుంది.

వాన దొరక్కపోతే ఆనవాళ్ళు చదవాలి. సన్నటి ఇసుకో ఒండ్రో మేట వేసిందంటే అక్కడ నీరు నెమ్మదించింది. మట్టి కొట్టుకుపోయి రాళ్ళు, చెట్ల వేళ్ళు తేలాయంటే అక్కడ వేగంగా పారింది. ఆకులు, పుల్లలు కుప్పలుగా ఒకే దిక్కుకి ఒరిగి ఉంటే ఆ దిక్కే నీటి దారి.

కొత్తవాళ్ళందరూ తడబడే చోటు ఇక్కడే ఉంది. బురద కనిపించిన చోట పని మొదలుపెడతారు. చాలాసార్లు బురద ఉన్న చోట తప్పేమీ ఉండదు, నీరు చివరికి వచ్చి ఆగిన చోటు అది. తప్పు ఎగువన, ఇరవయ్యో ముప్ఫయ్యో అడుగుల పైన, పూడిపోయిన డ్రెయిన్ (నీటిని బాట మీంచి పక్కకి దించే ఏర్పాటు) దగ్గర ఉంటుంది. బురద కనిపిస్తే ముందు ఎగువకి నడవండి.

బాట వాలు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. బాట మధ్యలో ఒక బంతి పెట్టి వదలండి. లోయ వైపుకి దొర్లిపోతే బాగున్నట్టు, బాట వెంట కిందికి దొర్లితే నీరూ అలాగే పోతున్నట్టు. సీసాలో నీళ్ళు పోసి చూసినా సరే.

పూడిక తీయడం

పాత బాటల మీద నీటిని దించే ఏర్పాట్లు రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి, దిగే బాట మధ్యలో కాస్త పల్లం చేసి, మళ్ళీ కొద్దిగా ఎక్కించి, ఆ పల్లంలోంచి నీటిని లోయ వైపుకి వదిలేది. రెండోది, రాళ్ళనో దుంగనో బాటకి ఏటవాలుగా పాతి చేసిన అడ్డుకట్ట. నాకు మొదటిదే ఇష్టం. ఎవరి కాలికీ తగలదు, కుళ్ళదు, పూడినా కొంతకాలం పనిచేస్తుంది. దుంగ కొన్నేళ్ళలో కుళ్ళిపోతుంది, తడిస్తే జారుతుంది. అయినా మీరు వెళ్ళే బాటల మీద రెండూ ఉంటాయి, రెండిటినీ శుభ్రం చేయడం రావాలి.

పని నోటి దగ్గర మొదలుపెట్టాలి. నోరు అంటే నీరు బాట వదిలి లోయలోకి దిగే చోటు. అక్కడి ఆకులు, గడ్డిదుబ్బులు, మేట తీసేయండి. పార వెడల్పుకి కనీసం రెండింతలు తెరవండి, ఇరుకు నోరు ఒక్క కొమ్మ అడ్డం పడినా మూసుకుపోతుంది. నోటిని బాట అంచుతో ఆపేయకుండా, నీరు నిజంగా కిందికి జారిపోయే దాకా తీసుకెళ్ళండి. తర్వాత లోపలికి వస్తూ, బాట మీది పల్లంలో చేరిన మేటని తవ్వి, నునుపైన వాలు వచ్చేలా చదును చేయండి. గోతిలా తవ్వొద్దు. చీకట్లో నడిచేవాడి కాలు మడత పడకూడదు.

తీసిన మట్టి ఎక్కడ వేయాలి? మంచి గట్టిమట్టి, కంకర అయితే అడ్డుకట్టకి దిగువ వైపున బాట మీద వేసి తొక్కండి, అక్కడ ఎత్తు నిలబడితే నీరు దాటదు. కుళ్ళిన ఆకులు, వేళ్ళు కలిసిన నల్లమట్టి నీళ్ళు పీల్చి మెత్తబడుతుంది, దాన్ని దూరంగా లోయ వైపు వెదజల్లండి. ఏదైనా సరే, నోటి ముందు మాత్రం కుప్ప పోయొద్దు.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. మొదటి సీజన్‌లో ఒక పొద్దుటి పూటంతా కష్టపడి నాలుగు డ్రెయిన్లు తవ్వాను, మట్టినంతా చేతికి దగ్గరని నోటి పక్కనే పోశాను. రెండు వానల తర్వాత వెళ్ళి చూస్తే నాలుగూ పూడిపోయి ఉన్నాయి. ఆ మట్టే జారి నోళ్ళను మూసేసింది. దిగువన కోత ముందుకన్నా లోతైంది. బాధేసింది. ఆ రోజు నుంచి ప్రతి డ్రెయిన్ ముగించాక సీసాడు నీళ్ళు పోసి, అవి కళ్ళముందు దిగిపోతేనే లేస్తున్నాను.

అడ్డుకట్ట కోణం కూడా చూడండి. బాటకి సరిగ్గా అడ్డంగా, 90 డిగ్రీల్లో పాతితే నీరు దానికి కొట్టుకుని ఆగి, మేట వేసి, చివరికి పైనుంచి దూకుతుంది. 45 నుంచి 60 డిగ్రీల ఏటవాలు ఉంటే నీరు ఆగకుండా పక్కకి మళ్ళి, తన మేటని తనే కడుక్కుంటూ పోతుంది. పొలంలో మడవ తిప్పినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఉన్న అడ్డుకట్ట కోణం తప్పని మీకనిపిస్తే పీకేయకండి, టీమ్ లీడర్‌కి చూపించండి.

అంచు గట్టు కోయడం

డ్రెయిన్లు బాగున్నా లోయ వైపు గట్టు పెరిగితే నీరు వాటిదాకా పరిగెత్తుకుంటూనే వస్తుంది. గట్టిగా, గడ్డి వేళ్ళతో అల్లుకుని ఉండే ఈ గట్టుని కోయడానికి అనువైన పనిముట్టు పులాస్కీ. ఒక వైపు గొడ్డలి, మరో వైపు పార వంటి అడ్డపదును ఉంటుంది. అమెరికాలో 1910 నాటి పెద్ద అడవిమంటల్లో తన మనుషుల్ని సొరంగంలోకి చేర్చి కాపాడిన అటవీ ఉద్యోగి ఎడ్ పులాస్కీ పేరు దీనికి వచ్చింది. మంటలార్పే పని కోసం రూపుదిద్దుకున్న పనిముట్టు కాలిబాటలకి ఇంతగా పనికిరావడం నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. అది లేకపోతే గట్టి పార, పలుగు చాలు.

గట్టుని కోసి, మట్టిని బాట మధ్యలో అణిగిన గుంటలోకి లాగి, లోయ వైపుకి ఆ 3 సెంటీమీటర్ల వాలు మళ్ళీ వచ్చేలా తొక్కండి. పక్కమనిషికి మూడు మీటర్ల దూరం ఉంచండి. నడిచేవాళ్ళు వస్తే పనిముట్టు నేలకి దించి, వాళ్ళు దాటాకే ఎత్తండి.

మన చేతిలో లేనివి

కొన్ని బాటలు మొదటే తప్పుగా పడి ఉంటాయి. బాట ఎక్కే వాలు, కొండ పక్కవాలులో సగం మించకూడదనేది ఈ పనిలో పాత సూత్రం. పక్కవాలు నూటికి 20 అయితే బాట 10 మించకూడదు. మించితే నీటికి బాట దాటడంకన్నా బాట వెంట పోవడమే సులువు, ఎన్ని డ్రెయిన్లు తవ్వినా ఆగదు. అలాంటి చోట దారినే మార్చాలి. అది ఆ నేలను చూసుకునే శాఖ అనుమతితో, అనుభవజ్ఞులు తేల్చాల్సిన విషయం. మీరు ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి, చెప్పండి.

బురదలో ఆకులూ కొమ్మలూ పరచడం కూడా వద్దు. ఆ రోజుకి బాగుంటుంది. తర్వాత కుళ్ళి, నీటిని పట్టి ఉంచి, బురదని పెంచుతుంది.

ఇంత చిన్న పనికి విలువేముందని అనిపిస్తే రెండు చోట్ల సంగతి చెబుతాను. ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీద వాలంటీర్లు పారలు భుజాన వేసుకుని, ఒక్కొక్క బాట పట్టుకుని, దాని మీది డ్రెయిన్లన్నీ శుభ్రం చేస్తూ తిరుగుతారు. రోజంతా అదే పని. అమెరికాలో 14 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగే అపలాచియన్ ట్రెయిల్ 1937లో పూర్తయింది. దాన్ని ఇన్నేళ్ళుగా నిలబెడుతున్నది ముఖ్యంగా వాలంటీర్ల క్లబ్బులే.

ఈ వారం సాధన

వెడల్పాటి తట్టలో తడిమట్టి నింపి, వాలుగా పెట్టి, వేలితో బాట గీసి, పైనుంచి చెంబుతో నీళ్ళు పోయండి. ఒకసారి అంచు గట్టుతో, ఒకసారి గట్టు తీసేసి, ఒకసారి మధ్యలో రెండు ఏటవాలు డ్రెయిన్లు పెట్టి చూడండి. ప్రతిసారీ బాట చివర చేరిన మట్టిని చెంచాతో కొలిచి రాసుకోండి.

ఆ తర్వాత మీకు దగ్గర్లోని ఏదైనా బాట మీద 200 మీటర్లు నడిచి, కాగితం మీద గీత గీసి, నీరు ఎక్కే చోటికి ఒక గుర్తు, దిగే చోటికి ఒక గుర్తు పెట్టండి. ఏమీ తవ్వొద్దు. ఆ కాగితం దాచి ఉంచండి. వచ్చే పాఠంలో రాతిమెట్లు పేర్చేటప్పుడు, మొదటి రాయి ఎక్కడ పెట్టాలో దాన్ని చూసే నిర్ణయిస్తాం.