మృగశిర కార్తెకు ముందే: పార్కిన్సన్స్ ఉన్నవారు వానాకాలంలో పడిపోకుండా తీసుకోవలసిన జాగ్రత్తలు

మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల పార్కిన్సన్స్ అనే నరాల జబ్బు ఉన్నవారికి నడక దానంతట అది సాగదు. మనం ఆలోచించకుండా వేసే అడుగును వారు కళ్లతో చూసుకుంటూ, మనసు పెట్టి వేయవలసి వస్తుంది. నేల తడిసి, కరెంటు పోయి, ఇంట్లో హడావుడిగా ఉన్న వేళల్లో ఆ రెండు ఆధారాలూ ఒకేసారి దెబ్బతింటాయి. వణుకు, బిగుతు తగ్గినంతగా తూలడం మందులతో తగ్గదు. అందువల్ల వానలు మొదలవకముందే ఇంటిని, ఇంట్లోవాళ్ల అలవాట్లను సరిచేసుకోవడం మందు వేయడమంత ముఖ్యం.

అన్నిటికంటే ముందు గడపల సంగతి చూడాలి. గది మధ్యలో బాగానే నడిచే మనిషికి గడప దగ్గరకో, బాత్‌రూమ్ తలుపు దగ్గరకో రాగానే పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి. నడుము పైభాగం మాత్రం ముందుకు వాలుతుంది. అప్పుడు వెనకనుంచి నెట్టినా, చెయ్యి పట్టి లాగినా, 'తొందరగా రండి, తడుస్తున్నారు' అని అరిచినా పడిపోయే ప్రమాదం పెరుగుతుందే తప్ప అడుగు పడదు. ఆ క్షణంలో పూర్తిగా ఆగి, నిటారుగా నిలబడి, బరువును ఒక కాలి మీదినుంచి మరో కాలి మీదికి మెల్లగా మార్చి, 'ఒకటి, రెండు' అనుకుంటూ పెద్ద అడుగు వేయమనాలి. గడపకు ముందు నేల రంగుకు భిన్నంగా కనిపించే టేపును అడ్డంగా, అడుగుకొకటి చొప్పున అంటిస్తే, ఆ గీతను దాటాలన్న ఉద్దేశంతోనే చాలామందికి కాలు లేస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఉన్నచోటనే గిర్రున తిరగకుండా, చోటు ఉన్నంతవరకు నాలుగైదు అడుగులు వేస్తూ విశాలంగా మలుపు తీసుకోవడం నేర్పించాలి.

వానాకాలంలో బట్టలు ఆరక హాల్లో దండేలు కట్టడం, గుమ్మంలో గోనెపట్టాలు పరవడం మన ఇళ్లలో మామూలే. ఈ రెండూ వీరి దారికి అడ్డం రాకూడదు. కింద నీళ్లు కారే బట్టలను వీరు నడవని గదిలోకి మార్చాలి. వాకిట్లో నాచు పట్టిన చోటును బ్లీచింగ్ పౌడరుతో ముందుగానే రుద్దించాలి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా కరెంటు పోయినా వెలిగే చిన్న దీపాలు పెట్టాలి. చీకట్లో పాదాలు కనపడకపోతే అడుగు అతుక్కుపోవడం మరింత ఎక్కువవుతుంది. హవాయి చెప్పులకు బదులు మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడాలి. కాళ్లు ఈడ్చి నడిచేవారికి మరీ పట్టేసే రబ్బరు అడుగు కూడా మంచిది కాదు; అది నేలను పట్టుకుంటే మనిషి ముందుకు తూలుతాడు.

బాత్‌రూమ్‌లో తువ్వాలు వేసే రాడ్డు మనిషి బరువును ఆపదు. గోడలో గట్టిగా బిగించిన పట్టుకొయ్యలు, జారని కాళ్లున్న కుర్చీ కావాలి. వ్యాధి వల్లా మందుల వల్లా లేచి నిలబడగానే బీపీ పడిపోవడం వీరిలో తరచుగా కనిపిస్తుంది కనుక, నిద్రలేచాక కాసేపు మంచం అంచున కూర్చుని, కళ్లు తిరగడం లేదని చూసుకున్నాకే లేవాలి.

వరదలకు దారులు మూసుకుపోయే ఊళ్లలో ఉండేవారు కనీసం రెండు వారాల మందులు ఇంట్లో ఉంచుకోవాలి. మెదడులో డోపమిన్‌గా మారే, ఈ జబ్బుకు ముఖ్యమైన మందు లెవోడోపాను ఉన్నట్టుండి ఆపేస్తే ఒళ్లు బిగుసుకుపోవడంతోపాటు తీవ్రమైన జ్వరంతో ప్రాణాపాయం కూడా రావచ్చు. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇవ్వబోతే, పార్కిన్సన్స్ ఉన్న సంగతి వైద్యుడికి చెప్పాలి. ఆ మందు డోపమిన్‌ను అడ్డుకుని నడకను ఇంకా చెడగొడుతుంది. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది కాబట్టి, ఆ పొడిని నరాల డాక్టరుకు తెలియకుండా మాత్రలతో కలిపి వాడకూడదు.

వాన వల్ల ఉదయపు నడక వారాల తరబడి ఆగిపోతే కాళ్లు పట్టు కోల్పోతాయి. మందు బాగా పనిచేస్తున్న సమయంలో వసారాలోనే తాళానికి తగ్గట్టు నడవడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, పక్కన ఒకరు నిలబడి ఉండగా చేయించాలి. మెల్లని కదలికలతో చేసే చైనా వ్యాయామం తాయ్ చీ సాధనతో ఈ రోగుల్లో తూలకుండా నిలబడే పట్టు మెరుగుపడి, పడిపోవడం తగ్గిందని 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చూపింది. దగ్గరలో అది నేర్పేవారు లేకపోతే ఫిజియోథెరపిస్టును అడిగి ఇంట్లో చేసుకోదగిన వ్యాయామాలు నేర్చుకోవచ్చు.

బయటికి వెళ్లక తప్పనప్పుడు గొడుగు కంటే రెయిన్‌కోటు నయం. ఒక చేత్తో గొడుగు, మరో చేత్తో పంచెకుచ్చెళ్లు పట్టుకుంటే తూలినప్పుడు ఆసరా కోసం ఒక్క చెయ్యీ మిగలదు. నడుస్తుండగా మాట్లాడించకూడదు. ఒకవేళ పడిపోతే వెంటనే ఎత్తి నిలబెట్టే ప్రయత్నం చేయకుండా, తలకు దెబ్బ తగిలిందా, తుంటి దగ్గర నొప్పి ఉందా అని అడిగి చూడాలి. రక్తం పలచబడే మందులు వాడేవారి తలకు చిన్న దెబ్బ తగిలినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గాయం కాకపోయినా, ఏ వేళకు పడ్డారో, చివరి మాత్ర వేసుకుని ఎంతసేపయిందో, వెనక్కి తిరుగుతుండగా పడ్డారో లేక లేస్తుండగా పడ్డారో రాసిపెట్టి వైద్యుడికి చూపిస్తే, మార్చవలసింది డోసా, బీపీ మందా అన్నది ఆయన తేల్చుకోగలుగుతారు.