పాఠం 4: ‘ఊ’ అన్నారంటే ఒప్పుకున్నట్టేనా?

పోయిన పాఠంలో ప్రైవేట్ ఏది, పబ్లిక్ ఏది అని బొమ్మల చార్ట్ చేసుకున్నాం కదా, అది దగ్గర పెట్టుకోండి. ఇవాళ కన్సెంట్ గురించి, అంటే ముట్టుకోవడానికైనా ముద్దుకైనా ఎదుటి మనిషి ఇష్టపడి ఒప్పుకోవడం.

మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళకి తోడుగా ఉండేవాళ్ళకి ఇది అనుభవమే, చాలామంది ఏది అడిగినా ఊ అనేస్తారు, అర్థం కాకపోయినా ఊ, ఇష్టం లేకపోయినా ఊ. ఒకే విషయాన్ని తిరగేసి అడిగితే రెండిటికీ అవునంటారని 1981లోనే పరిశోధకులు రాశారు. నన్నడిగితే ఇందులో సగం మన పుణ్యమే. మాట వింటే మంచోడు, వినకపోతే మొండోడు అని పెంచాం, ఏ బట్ట వేసుకోవాలో ఎప్పుడు పడుకోవాలో కూడా మనమే చెప్పాం, అలాంటి మనిషి రేపు ఎవరో మీద చెయ్యి వేస్తే ఠక్కున వద్దనగలడా?

అందుకే ప్రాక్టీస్ ముద్దుల దగ్గర కాదు, చిన్నవాటి దగ్గర మొదలెట్టండి. పాట మార్చనా? వద్దంటే వెంటనే ఆగిపోవాలి, ఎందుకని అడగొద్దు, మొహం ముడుచుకోవద్దు, రెండు నిమిషాలాగి మళ్ళీ అడిగి ఒప్పించడం అసలొద్దు (మనందరికీ ఉన్న జబ్బే ఇది). తర్వాత ఒంటి దగ్గరికి రండి, వీపు నేను తుడవనా, నువ్వే తుడుచుకుంటావా అని. ఇలా రెండు ఇచ్చి అడిగినప్పుడు కొందరు చివర విన్నదే తిరిగి చెప్తారు, కాబట్టి కాసేపాగి వరస మార్చి అడగండి, లేదా రెండు బొమ్మలు ముందు పెట్టి చూపించమనండి. మాటలు రానివాళ్ళయితే ఒళ్ళు బిగదీసుకోవడం, పక్కకి జరగడం, మొహం తిప్పుకోవడం, ఇవన్నీ వద్దనే.

ఇది కుదిరాక రోల్ ప్లే. చెయ్యి పట్టుకోనా అని మీరడగండి, తర్వాత వాళ్ళని అడగమనండి, అప్పుడు మీరు వద్దనండి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, కానీ వద్దు అనిపించుకుని ఆగిపోవడం కూడా నేర్చుకోవాల్సిందే, నిన్న సరే అన్నవాళ్ళు ఇవాళ వద్దనొచ్చు, మధ్యలో కూడా ఆపమనొచ్చు.

ఇవన్నీ నేర్పితే లేనిపోని ఆలోచనలు రావా అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. ఆ కోరికలు మనం నేర్పితే వచ్చేవి కావు, పైగా ఒంట్లో భాగాల పేర్లే తెలియని మనిషి తనకేం జరిగిందో ఎవరికీ చెప్పలేడు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం చూడండి, దోపిడీ నుంచి రక్షణ 16వ అధికరణలో ఉంది, పెళ్ళి, కుటుంబం 23వ దాంట్లో ఉన్నాయి, ఒకటి చూపించి రెండోది లాక్కోడం కుదరదు.

ఇప్పటికే పార్ట్‌నర్ ఉంటే ఆ మనిషి పక్కన లేనప్పుడు విడిగా మాట్లాడండి, ఏం జరుగుతుందో, గర్భం, ఇన్ఫెక్షన్ ఎలా వస్తాయో వాళ్ళ మాటల్లోనే చెప్పించండి. ఒకసారి చెప్పలేకపోతే ఇతనికి చేతకాదని తేల్చెయ్యొద్దు, బొమ్మలతో ఇంకో రోజు మళ్ళీ చెప్పండి. బెదిరింపు, భయం కనబడితే మాత్రం నేర్పుతూ కూర్చోవద్దు, ముందు ఆ మనిషిని సేఫ్‌గా ఉంచి, మీ దగ్గర చట్టం ఎవరికి చెప్పమంటే వాళ్ళకి చెప్పండి.

ఈ వారం హోంవర్క్: వాళ్ళు వద్దన్న ప్రతిసారీ మీరేం చేశారో నోట్‌బుక్‌లో రాయండి, వాళ్ళ గురించి కాదు, మీ గురించి. వచ్చే పాఠంలో బ్రేకప్ అయినప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం.