గేర్‌బాక్సు మొరాయించే ఆటోమేటిక్ కారును చవకగా కొనే ముందు

సెకండ్ హ్యాండ్ కార్ల ప్రకటనల్లో ‘గేరు కాస్త జెర్క్ ఇస్తోంది, చిన్న పనే’ అన్న మాటా, దాని పక్కనే మార్కెట్ రేటుకన్నా బాగా తక్కువ ధరా కనిపిస్తే, మోసమని వెంటనే వదిలేయనక్కర్లేదు, అదృష్టమని ఎగిరి గంతేయనూ అక్కర్లేదు. అయితే ఒక్క విషయం ఆలోచించాలి: అది నిజంగా చిన్న పనే అయితే, అమ్మేవారు ఆ పనేదో చేయించి పూర్తి ధరకే అమ్ముకునేవారు. కాబట్టి రిపేరు ఖర్చు ఎంతవుతుందో వారి మాటను బట్టి కాకుండా, ఆ కారులో ఉన్న గేర్‌బాక్సు ఏ రకమో చూసి అంచనా వేసుకోవాలి.

మన దగ్గర ‘ఆటోమేటిక్’ అనే ఒకే పేరుతో నాలుగు వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. 2014లో మారుతీ సెలెరియోతో జనంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ మన బదులు ఒక యాక్చుయేటర్ చేస్తుంది. గేరు మారేటప్పుడు తల కాస్త ముందుకు ఊగడం దాని స్వభావమే తప్ప జబ్బు కాదు. క్లచ్ ప్లేటు అరిగిపోవడం, యాక్చుయేటర్‌లో ఆయిల్ కారడం, సెన్సర్ పాడవడం వంటివే దీనికి ఎక్కువగా వచ్చే సమస్యలు కనుక, బడ్జెట్ తక్కువగా ఉన్నవారు ధైర్యం చేయగలిగింది దీని దగ్గరే. పాత ఐ10, మొదటి తరం ఎర్టిగా, సియాజ్ పెట్రోలు కార్లలో వచ్చిన నాలుగు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్లకు అందించే రకం) పాతకాలపు గట్టి పిండం. సకాలంలో ఆయిల్ మార్చి ఉంటే చాలాకాలం నడుస్తుంది, పాడైనా విప్పి బాగుచేయగల మెకానిక్కులు పెద్ద ఊళ్లలో దొరుకుతారు.

మిగిలిన రెండింటి దగ్గరే జేబుకు చిల్లు పడుతుంది. సీవీటీలో రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. ఆ బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడ్డాయంటే, చాలా వర్క్‌షాపులు మొత్తం యూనిట్ మార్చాలనే చెబుతాయి. 2013లో పోలో జీటీ టీఎస్ఐతో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ, ఫోర్డ్ ఫిగో, ఎకోస్పోర్ట్ పెట్రోలు కార్లలో కొంతకాలం వచ్చిన ఆరు గేర్ల గేర్‌బాక్సు, రెండూ డ్యూయల్ క్లచ్ రకానివి, అంటే రెండు క్లచ్‌లు ఉన్నవి; ఆ క్లచ్‌లు కూడా ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్‌లు. ట్రాఫిక్‌లో గంటల తరబడి పాకుతూ వెళ్లడం వీటికి పడదు. డీఎస్‌జీలో ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లు ఒక క్లచ్ మీద, రెండు, నాలుగు, ఆరుతో పాటు రివర్స్ మరో క్లచ్ మీద నడుస్తాయి. అందువల్ల రివర్స్ పడకపోవడంతో పాటు సరి సంఖ్య గేర్లు కూడా రాకపోతే, సగం గేర్‌బాక్సు మూతపడిందని అర్థం. అప్పుడు క్లచ్‌లో గానీ, లోపల గేర్లను జరిపే ఫోర్కులో గానీ, గేర్లను నియంత్రించే మెకట్రానిక్ యూనిట్‌లో గానీ తేడా ఉన్నట్టే. షోరూంలో మెకట్రానిక్ మార్పిస్తే బిల్లు లక్ష దాటడం మామూలే.

కారు పేరు చూసి గేర్‌బాక్సు ఏదో ఊహించకూడదు. 2022కు ముందు బలెనోలో సీవీటీ ఉండేది, ఆ తర్వాతి బలెనోలో ఏఎంటీ ఉంది. పోలోలో 2020 నుంచి వచ్చిన ఒక లీటరు టర్బోకు డీఎస్‌జీ కాదు, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఉంది. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం చూసుకుని, వేరియంట్ పేరు కూడా తెలుసుకున్న తర్వాతే చూడటానికి బయలుదేరండి.

చూడటానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉందంటే మీరు రాకముందే ఇంజన్ తిప్పి ఉంచారన్నమాట. కొన్ని సమస్యలు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, మరికొన్ని బాగా వేడెక్కాకే కనిపిస్తాయి. కాబట్టి చల్లటి కారును మీరే స్టార్ట్ చేసి, కనీసం అరగంట నడిపే వీలు లేకపోతే ఆ బేరం మరోరోజుకు వాయిదా వేయడం మంచిది. బ్రేకు తొక్కి ఉంచి లివర్‌ను పార్క్ (పార్క్ లేని ఏఎంటీల్లో న్యూట్రల్) నుంచి రివర్స్‌కు, అక్కడి నుంచి డ్రైవ్‌కు మార్చండి. గేరు పట్టడానికి రెండు సెకన్లు దాటినా, పట్టేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కుదుపు వచ్చినా గుర్తు పెట్టుకోండి. తర్వాత 40 నుంచి 60 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచి నడపండి. రోడ్డు నున్నగా ఉన్నా బండి సన్నగా వణికితే, టార్క్ కన్వర్టర్ కార్లలో లాకప్ క్లచ్‌ను (ఇంజన్‌ను గేర్‌బాక్సుకు నేరుగా బిగించే క్లచ్‌ను) అనుమానించాలి. ఎత్తు ఎక్కించి చూడటం తప్పనిసరి: హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, విశాఖలో సింహాచలం ఘాట్ రోడ్డు ఇందుకు చక్కగా సరిపోతాయి. ఎక్కేటప్పుడు ఇంజన్ అరుపు పెరిగినా వేగం పెరగకపోతే లోపల క్లచ్‌లు జారుతున్నట్టు. సీవీటీలో మాత్రం ఇంజన్ శబ్దం ముందుగా పెరిగి వేగం కాస్త వెనకబడి రావడం సహజమే. దానికి కంగారు పడకుండా, కీచుమనే శబ్దమూ ఆగి ఆగి లాగడమూ ఉన్నాయేమో గమనించండి. బ్రేకు, యాక్సిలరేటర్ ఒకేసారి గట్టిగా తొక్కే పరీక్ష చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది ఉన్న జబ్బును ముదరబెడుతుంది.

గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఉన్న కారైతే గేర్ ఆయిల్‌ను తెల్లటి గుడ్డ మీద వేసి చూడండి. కొత్త ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్) సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే క్లచ్‌లు కాలినట్టు, మెరిసే లోహపు పొడి కనిపిస్తే లోపల అరుగుదల ముదిరినట్టు. పాలు కలిపినట్టు గులాబీ రంగుకు తిరిగితే నీళ్లు చేరినట్టు. ఈ చివరి లక్షణాన్ని మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ వరదలో నానిన కార్లు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని శుభ్రంగా తుడిచి, సీటు కవర్లు మార్చి అమ్మకానికి వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. సీటు పట్టాల కింద తుప్పు, సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగితే దాని చివర్లో బురద మరక, డిక్కీలో స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉన్నాయేమో చూడండి. ఉంటే ధర ఎంత తగ్గించినా ఆ కారు వద్దు.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించకుండా అడ్వాన్స్ ఇవ్వకూడదు. ఆన్‌లైన్‌లో దొరికే చౌక బ్లూటూత్ పరికరాలు చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి. పీ0700 కనిపించిందంటే గేర్‌బాక్సు కంప్యూటర్ ఏదో ఫిర్యాదు చేసిందని మాత్రమే తెలుస్తుంది, అసలు ఫిర్యాదు ఏమిటో చదవాలంటే ఆ కంపెనీ కార్లకు పనికొచ్చే పెద్ద స్కానర్ కావాలి. చూడటానికి ముందురోజే కోడ్లు చెరిపేసే తెలివైనవారూ ఉంటారు కాబట్టి, స్కానింగ్‌ను టెస్ట్ డ్రైవ్ తర్వాతే చేయించండి.

ఇక బేరం. ‘ఆయిల్ మారిస్తే సరిపోతుంది’ అన్న లెక్కతో కాకుండా, గేర్‌బాక్సు మొత్తం మార్చాల్సి వస్తుందన్న లెక్కతో కూర్చోండి. బాగున్న కారు ధర నాలుగు లక్షలనీ, గేర్‌బాక్సుకూ కూలికీ కలిపి లక్షన్నర అవుతుందని మెకానిక్ రాసిచ్చాడనీ అనుకుందాం. అప్పుడు మీరు ఇవ్వదగింది రెండున్నర లక్షలు కాదు, రెండు లక్షల చుట్టుపక్కల. బండి నెలల తరబడి షెడ్డులో ఉండటం, ఆటోనగర్‌లో తెచ్చిన పాత గేర్‌బాక్సుకు గ్యారంటీ లేకపోవడం, విప్పాక మరోటి బయటపడటం, వీటన్నింటి ఖరీదు ఆ మిగిలిన యాభై వేలు. అమ్మేవారు ఒప్పుకోకపోతే లేచి రావడమే.

కాగితాల విషయం క్లుప్తంగా: యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉంటే బ్యాంకు ఎన్ఓసీతో పాటు ఫారం 35, పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28 (అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్ఓసీ) తీసుకోవాలి. పక్క రాష్ట్రం బండికి ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌ను కూడా ధరలో కలుపుకుని చూస్తే, బెంగళూరులో చవకగా కనిపించిన కారు అంత చవకేమీ కాదని తేలవచ్చు. బదిలీ అయిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్‌ను మీ పేరు మీదకు మార్పించుకోండి.

కదలని స్థితిలో ఉన్న కారు కొన్నట్టయితే, తాడు కట్టి లాక్కురావద్దు. టార్క్ కన్వర్టర్, సీవీటీ గేర్‌బాక్సుల్లో ఆయిల్ పంపు సాధారణంగా ఇంజన్ తిరిగితేనే పనిచేస్తుంది. ఇంజన్ ఆగి చక్రాలు తిరుగుతుంటే లోపలి భాగాలు ఆయిల్ అందక రాసుకుపోతాయి. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండి మాట్లాడుకుని, దాని కిరాయి ఎవరు భరించాలో కూడా బేరంలోనే తేల్చుకోండి.