జబ్బుపడిన గినీ పిగ్‌కు వీడ్కోలు పలికే వేళ

ఎలుకల కోవకు చెందిన చిన్న పెంపుడు జంతువులైన గినీ పిగ్‌లు సాధారణంగా 5 నుంచి 8 ఏళ్లు బతుకుతాయి. ఇతర జంతువులకు ఆహారమయ్యే జాతి కాబట్టి బాధను బయటపడనీయవు, అందుకే జబ్బు మన కంటపడేసరికి తరచుగా ముదిరిపోయి ఉంటుంది. ఎండుగడ్డిని ముట్టకుండా, వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఒక మూలన ముడుచుకుని ఉంటే ఒక్క రోజు కూడా ఆగకుండా పశువైద్యునికి చూపించాలి.

ఇక కోలుకోదని వైద్యుడు తేల్చి చెప్పాక, అది తనంతట తాను తింటోందా, దాని నొప్పి మందులతో తగ్గుతోందా అన్నదే ప్రధానంగా చూడాలి. రెండూ లేనప్పుడు నొప్పి తెలియని మరణాన్ని ఇప్పించడం క్రూరత్వం కాదని నా అభిప్రాయం. ముందుగా మత్తు ఇచ్చి, ఆ తర్వాతే చివరి ఇంజెక్షన్ ఇవ్వమని అడగండి. మత్తులోకి జారుకునేదాకా అలవాటైన తువ్వాలులో చుట్టి ఒడిలో ఉంచుకోవచ్చు. ప్రాణం పోయాక కూడా కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఒళ్లు ఒకటి రెండుసార్లు అదరవచ్చు. అది బాధ కాదని ముందే తెలిసి ఉండటం మంచిది.

జబ్బు అంటుకునేది కాకపోతే, జతగా పెరిగిన గినీ పిగ్‌ను కాసేపు ఆ దేహం దగ్గర వదలండి. అది వాసన చూసి వెళ్లిపోవచ్చు, అసలు పట్టించుకోకపోనూవచ్చు. ఆ తర్వాత కొన్నాళ్లు దాని మేతను, బరువును గమనిస్తూ ఉండాలి.

పిల్లలకు "నిద్రపోయింది" అని కాకుండా చనిపోయిందనే చెప్పాలి, లేకపోతే నిద్రంటేనే భయపడవచ్చు. ఇంజెక్షన్ మందు దేహంలో మిగిలి, దాన్ని తవ్వి తిన్న జంతువులకు విషమవుతుంది కాబట్టి, నిబంధనలు అనుమతించే చోట లోతుగా, నీటికి దూరంగా పూడ్చాలి, లేదా దహనం చేయించాలి.