పాత కెటిల్‌తో టేబుల్ ల్యాంప్, 3వ పాఠం: వైరు, హోల్డరు, ఎర్త్

పోయిన పాఠంలో స్టీలు కెటిల్ అడుగున, మూత మధ్యలో రంధ్రాలు వేసి ఆపాం కదా, ఈసారి వైరు ఎక్కిద్దాం. కెటిల్ ఎంత పాతదైనా పర్వాలేదు కానీ కరెంటు పారే ప్రతిదీ, అంటే వైరు, హోల్డరు, ప్లగ్గు, కొత్తవే కొనండి. ఈ విషయంలో నేను అస్సలు రాజీపడను.

ముందు అడుగు రంధ్రం అంచు చుట్టూ కాస్త దూది తిప్పండి, పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గరుకు ఉన్నట్టే. ల్యాంప్ జరిపినప్పుడల్లా ఆ గరుకు వైరు తొడుగును కొద్దికొద్దిగా కోస్తూనే ఉంటుంది. నా మొదటి ల్యాంప్‌కి ఇది పట్టించుకోలేదు, కొన్నాళ్లకి విప్పి చూస్తే తొడుగు తెగి లోపల రాగి మెరుస్తోంది, అది చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఆకురాయితో నున్నగా రుద్ది, కేబుల్ గ్లాండ్ (వైరును రంధ్రం దగ్గర గట్టిగా పట్టి ఉంచే మర బిగింపు) బిగించండి. రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) కోతను ఆపుతుంది గానీ ఎవరి కాలైనా తగిలి వైరు లాగితే ఆపలేదు, గ్లాండ్ రెండూ చేస్తుంది.

కెటిల్ లోహం కాబట్టి మూడు తీగల వైరే వాడాలి. ఆకుపచ్చ-పసుపు చారల తీగ ఎర్త్, అంటే లోహానికి కరెంటు తగిలితే దాన్ని నేలలోకి పంపేసే తీగ. దాని చివర రింగ్ టెర్మినల్ (బోల్టు దూరేలా రంధ్రం ఉన్న రేకు ముక్క) పెట్టి కెటిల్ లోపలి గోడకి బోల్టుతో బిగించండి. చాలామంది మర్చిపోయేది మూత. అది విడి ముక్క, పైగా హోల్డరు ఉండేది దానిమీదే, కాబట్టి దానికీ ఇంకో ఎర్త్ తీగ వెళ్లాలి.

మర హోల్డరు (ఈ27, అంటే మర వ్యాసం 27 మిల్లీమీటర్లు) అయితే గోధుమరంగు ఫేజ్ తీగ అడుగున నడిమి పిన్నుకి, నీలం న్యూట్రల్ మర గొట్టానికి. బల్బు తిప్పేటప్పుడు వేళ్లు తగిలే అవకాశం ఆ గొట్టానికే ఎక్కువ, అందుకే దానికి ఫేజ్ ఇవ్వకూడదు. అయినా సరే, బల్బు మార్చాలంటే ప్లగ్గు పీకాకే.

బల్బు పెట్టకముందు మల్టీమీటరు బీప్ మోడ్‌లో (రెండు చోట్ల మధ్య కరెంటుకి దారి ఉంటే కూత పెట్టే మోడ్) పెట్టండి. ప్లగ్గు ఎర్త్ పిన్నుకీ కెటిల్‌కీ మధ్య బీప్ రావాలి, మూతతోనూ రావాలి. మిగతా రెండు పిన్నుల నుంచి కెటిల్‌కి గానీ మూతకి గానీ బీప్ వస్తే ప్లగ్గు గోడ సాకెట్‌లో పెట్టొద్దు, మొత్తం విప్పి ఏ పోగు బయటికొచ్చిందో వెతకండి.

బల్బు 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు, పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బుకి దాదాపు సమానమైన వెలుగు, వేడి చాలా తక్కువ. వచ్చే పాఠంలో చిల్లుల గిన్నెతో షేడ్ చేద్దాం, ఈలోగా అలాంటిదొకటి వెతికి ఉంచుకోండి.