లిఫ్ట్ పల్చగా ఉన్న రోజు హ్యాంగ్ గ్లైడర్ల మీద గుంపుగా క్రాస్ కంట్రీకి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

సంక్రాంతి అయిపోయి మిర్చి కల్లాలు మొదలయ్యే రోజుల్లో గుంటూరు దగ్గర లేచి చిలకలూరిపేట మీదుగా అద్దంకి దాకా హ్యాంగ్ గ్లైడర్ల (ఇంజిను లేని గుడ్డ రెక్క, దాని కింద మనిషి వేలాడుతూ ఎగురుతాడు) మీద వెళ్లాలని మనవాళ్లలో చాలామందికి కోరిక. గాలి ఈశాన్యం నుంచి వీస్తుంటే హైవే కూడా దాదాపు అటే నైరుతికి పోతుంది కాబట్టి కారు కింద మన వెంటే వస్తుంది, కాగితం మీద చూస్తే ఇంతకంటే సుఖమైన రూటు దొరకదు. కాకపోతే ఆ రోజుల్లో లిఫ్ట్, అంటే మనల్ని పైకి ఎత్తే గాలి, పల్చగా ఉంటుంది. వేరియో (ఎంత వేగంగా ఎక్కుతున్నామో, దిగుతున్నామో చెప్పే పరికరం) సెకనుకు అర మీటరు, మహా అయితే మీటరు చూపిస్తుంది.

"గాలి మెత్తగా ఉంది కదా, ఏం కాదులే" అనే మాట దగ్గరే నాకు భయం. ఏప్రిల్ ఎండల్లో ఎత్తి కుదేసే థర్మల్స్ (నేల వేడికి పైకి లేచే గాలి) ఉన్నప్పుడు ఎవరికి వాళ్లే ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. పల్చటి రోజున అలా ఉండరు. కిందికి వచ్చేశాక కూడా ఇంకొక్క రౌండు, ఇంకొక్క రౌండు అనుకుంటూ వంద మీటర్ల ఎత్తులో బార్ (చేతులతో పట్టుకుని నడిపే గొట్టం) బయటికి తోసి నెమ్మదిగా తిరుగుతూ ఉంటారు. ఎముకలు విరిగేది అక్కడే. కింద రాసినవన్నీ ఎక్కువగా దాని చుట్టూ తిరిగేవే.

ముందు అనుమతుల సంగతి తేల్చేద్దాం. గన్నవరం విమానాశ్రయం గగనతలం ఉంది, అమరావతి మీద వీఐపీల హెలికాప్టర్లు తిరుగుతుంటాయి. డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనలు, పోలీసుల అనుమతి, ఏ పొలంలోంచి లేస్తామో ఆ రైతు ఒప్పుకోలు, ఇవన్నీ కాగితం మీద ఉంటేనే గ్లైడర్ మూట విప్పాలి. నోటిమాట మీద నడిపే పని కాదు ఇది. ఇంకో విషయం, కొరిశపాడు దగ్గర హైవే మీద వైమానిక దళం అత్యవసర రన్‌వే ఉంది కదా, 2022 డిసెంబరులో ట్రయల్ చేశారు, 2024 మార్చిలో మళ్లీ విన్యాసాలు జరిగాయి. పైనుంచి చూస్తే చక్కగా, వెడల్పుగా, దిగమన్నట్టే కనిపిస్తుంది. అది మామూలు రోజుల్లో లారీలు తిరిగే రోడ్డు, దాని వైపు కన్నెత్తి కూడా చూడొద్దు. శివరాత్రి రోజుల్లో కోటప్పకొండ చుట్టుపక్కలకీ వెళ్లొద్దు, జనం, ప్రభలు, దిగడానికి ఖాళీ అంటూ ఉండదు. సంక్రాంతి వారంలోనైతే ఊళ్ల దగ్గర అసలు ఎగరకండి. గాలిపటం దారం మీకు కనిపించేసరికే మెడ దగ్గరికి వచ్చేసి ఉంటుంది.

లిఫ్ట్ ఎక్కడ ఉంటుందో నేలే చెబుతుంది. తెనాలి, పొన్నూరు వైపు కాలువలు, తడి నేల. ఎండంతా ఆ తడి ఆరడానికే ఖర్చయిపోతుంది, గాలి వేడెక్కదు. గుంటూరు దాటి పడమర, నైరుతి వైపు మెట్టకు వస్తే ఎండిన నల్లరేగడి, కోసేసిన పత్తి చేలు, కొండవీడు వైపు రాతి కొండలు, మిర్చి ఆరబోసిన కల్లాలు. కింద బాగా ఆరిన నేల, పక్కనే పచ్చటి చేను, ఆ రెండూ కలిసే గట్టు దగ్గర, అందులోనూ గాలి పోయే వైపున వెతకండి. గద్దలు మీకంటే ముందే కనిపెట్టేస్తాయి. రెక్క ఆడించకుండా తిరుగుతూ పైకి పోతున్న గద్ద ఉంటే మారుమాట లేకుండా అటే తిప్పండి. కొంగల గుంపును నమ్ముకుంటే మాత్రం అవి తిన్నగా చెరువులోకి తీసుకుపోతాయి.

పొద్దున పొగమంచు ఉంటే తొందరపడొద్దు. నేల వేడెక్కి థర్మల్ అనేది మొదలయ్యేసరికి పదకొండు దాటుతుంది. ఇక మధ్యాహ్నం తర్వాత బాపట్ల వైపు నుంచి సముద్రపు గాలి లోపలికి వస్తే చల్లగా, నున్నగా ఉంటుంది, అక్కడితో ఆ రోజు లిఫ్ట్ చచ్చినట్టే, పైగా గాలి దిక్కు కూడా మారిపోతుంది. పొద్దున చూసుకున్న దిక్కును పట్టుకుని సాయంత్రం దిగితే గాలివాలున దిగినట్టవుతుంది. ఫిబ్రవరి చివరికొచ్చి దక్షిణపు గాలి తిరిగిందంటే అద్దంకి సంగతి మర్చిపోండి, అప్పుడు సత్తెనపల్లి, పిడుగురాళ్ల వైపు ఇంకో ప్లాన్ వేసుకోవాలి.

ఇప్పుడు అసలైనది, హుక్. హ్యాంగ్ గ్లైడింగ్‌లో ఎంత అనుభవం ఉన్నవాళ్లనైనా చంపేవాటిలో ఇదొకటి: హార్నెస్ (ఒంటికి వేసుకునే పట్టీల కట్టు) వేసుకుంటారు, హెల్మెట్ పెట్టుకుంటారు, గ్లైడర్‌కు మాత్రం తగిలించుకోరు. 2018లో స్విట్జర్లాండ్‌లో టాండెమ్ (ఒకే గ్లైడర్ మీద ఇద్దరు) పైలట్ తన ప్రయాణికుడిని తగిలించడం మర్చిపోయి లేచాడు. ఆ మనిషి రెండు నిమిషాలకు పైగా చేతులతో వేలాడి, మణికట్టు విరిగి, ఎలాగో బతికి బయటపడ్డాడు. ఇది ఎప్పుడు జరుగుతుందంటే, అన్నీ సిద్ధం చేసుకున్నాక ఎవరో పిలిచారనో, రేడియో మర్చిపోయారనో హుక్ తీసి పక్కకు వెళ్లి వస్తారు చూడండి, అప్పుడు. వచ్చాక బుర్రలో "ఇందాక చూసుకున్నాను కదా" అనే ఉంటుంది. అందుకని ఒకసారి తగిలించుకుని, పడుకున్నట్టు వేలాడి హ్యాంగ్ చెక్ చేయాలి, పక్కనున్నవాళ్లు క్యారాబినర్ (తగిలించే కొక్కెం) లాక్ తిరిగిందా, మెయిన్ స్ట్రాప్‌తో పాటు బ్యాకప్ కూడా అందులోనే ఉందా, పట్టీలు ఎక్కడైనా మెలిపడ్డాయా అని వేలు పెట్టి చూడాలి. ఆ తర్వాత కూడా కదిలే ముందు, సరిగ్గా కదిలే ముందు, గ్లైడర్‌ను పైకి ఎత్తి కాళ్ల పట్టీలు బిగుసుకున్నట్టు ఒంటికి తెలిసిందాకా ఉండాలి. ఒకసారి హుక్ తీశారంటే మొత్తం మళ్లీ మొదటి నుంచే. ఎదురుగా ఉన్నవాడు "హుకా?" అని గట్టిగా అడగాలి, మీరు తడిమి చూసి జవాబు చెప్పాలి, తల ఊపితే కుదరదు. అన్నయ్య పాతికేళ్ల సీనియర్ కదా అని అడగడానికి మొహమాటపడితే అది మర్యాద కాదు, ఆయనకు చేసే ద్రోహం.

మనది చదునైన నేల కాబట్టి వించ్‌తో (తాడు చుట్టుకునే యంత్రంతో) లాగించుకునే లేస్తారు. ఇలా తాడుతో లాగించుకునే టో గురించి శిక్షణలో నేర్చుకున్నదే పాటించండి, నేను రెండే చెబుతాను. తాడు ఒకవైపు, గ్లైడర్ ఒకవైపు తిరిగిపోతూ, మీరు ఎంత ఒరిగినా వెనక్కి రాకపోతే ఆలోచన వద్దు, వెంటనే తాడు రిలీజ్. వీక్ లింక్ (లాగుడు ఎక్కువైతే తెగిపోయేలా తాడులో పెట్టే ముక్క) తెగుతుందిలే అని ఎదురు చూడకండి. రెండోది, పల్చటి రోజున 300 మీటర్ల ఎత్తులో వదిలారనుకోండి, సెకనుకు మీటరు చొప్పున దిగినా మీ చేతిలో ఉండేది 5 నిమిషాలే. కాబట్టి మొదటి టోలో థర్మల్ దొరక్కపోతే మారాం చేయకుండా దిగి మళ్లీ వరసలో నిలబడండి.

పైకి చేరాక గుంపుగా ఉండటంలోనే లాభం. ఒక్కరే వెతికితే దారం అంత గీత మీద వెతికినట్టు, నలుగురు పక్కపక్కన వంద, రెండొందల మీటర్ల దూరంలో పోతే ఎవరో ఒకరి వేరియో పలుకుతుంది. మొదట దొరికినవాళ్లు ఎటు తిరుగుతుంటే అందరూ అటే తిరగాలి, కుడి అంటే కుడే. లోపలికి చొచ్చుకురాకుండా బయటి అంచు నుంచి కలవండి. మన రెక్క మన నెత్తి మీదే ఉంటుంది కాబట్టి పైన ఉన్నవాళ్లు మనకు కనిపించరు. అందుకే కింద నుంచి ఎక్కి వస్తున్నవాళ్లకు పైనున్నవాళ్లే దారి ఇవ్వాలి. ఎవరైనా కళ్లకు కనిపించకుండా పోతే, ఎక్కడున్నాడో ఊహించుకుంటూ తిరగొద్దు, థర్మల్ వదిలి బయటికి వెళ్లి చూసుకుని మళ్లీ రండి. అర మీటరు లిఫ్ట్ పోయిందని ఏడవనక్కర్లేదు.

ఓపిక కూడా జాగ్రత్తలో భాగమే. పల్చటి రోజున పైకి ఎక్కకపోయినా కిందికి దిగకుండా ఉంటే అది లాభం కిందే లెక్క. గంటకు 10 కిలోమీటర్ల గాలిలో 20 నిమిషాలు ఊరికే గిరగిరా తిరిగినా అది మిమ్మల్ని 3 కిలోమీటర్లకు పైగా మోసుకుపోతుంది. కాబట్టి దొరికిన థర్మల్ వదిలేసి ముందుకు దూకొద్దు, వదిలితే అందరూ కలిసి వదలండి. ఒకరు కింద పడిపోతుంటే మిగతావాళ్లు పైనుంచి "యడ్లపాడు వైపు పొలాలు ఖాళీగా ఉన్నాయి, అటు పో" అని చెప్పగలగాలి. కానీ ఇందులోనే ఒక చెడు ఉంది. నలుగురూ పైన ఉండి మీరొక్కరే కింద మిగిలితే, వాళ్లను అందుకోవాలనే కసి పుడుతుంది చూడండి, దాన్ని అణుచుకోవాలి. రేడియోలో "ఇంకొంచెం ట్రై చెయ్ రా, వస్తుంది" అని ఎగదోయడం పూర్తిగా బంద్.

దీనికి ముందే రాసుకున్న ఎత్తులు ఉండాలి. 300 మీటర్లకు వస్తే దిగే పొలం ఎంచుకోవాలి, ఆ పొలానికి అందే దూరంలోనే లిఫ్ట్ వెతకాలి. 150కి వస్తే వెతకడం ఆపేయాలి. వేరియో కుయ్‌కుయ్‌మన్నా సరే. కిందికి వచ్చేకొద్దీ బార్ కొంచెం లోపలికి లాగి వేగం పెంచుకోవాలి, ఎందుకంటే మెత్తటి గాలిలో నెమ్మదిగా తిరుగుతూ ఒక రెక్క స్టాల్ అయితే (వేగం చాలక గాలి మీద పట్టు తప్పి పడిపోతే) దాన్ని సర్దుకోవడానికి కావాల్సిన ఎత్తు అక్కడ ఉండదు, రిజర్వ్ పారాచూట్ విసిరినా తెరుచుకునే లోపు నేల వచ్చేయొచ్చు.

పొలం ఎంచుకునేటప్పుడు తీగల కోసం చూడకండి, కనిపించవు. స్తంభాల కోసం చూడండి. మన పల్లెల్లో ఏ బోరు మోటారుకైనా కరెంటు ఎక్కడి నుంచో రావాలి కదా, మోటారు షెడ్డు, పక్కన ట్రాన్స్‌ఫార్మర్ కనిపిస్తే అక్కడికి గట్టు వెంబడి ఒక తీగ తప్పకుండా ఉంటుందనే లెక్కేసుకోండి. రోడ్డు పక్కనైతే అడగక్కర్లేదు. మధ్యాహ్నం దాటాక స్తంభాల నీడలు నేల మీద వరసగా గీతల్లా పడతాయి, స్తంభం కంటే నీడే ముందు కంటికి ఆనుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే పెద్ద టవర్ లైన్లయితే దూరం నుంచే తెలుస్తాయి గానీ, టవర్ల పైన కొస నుంచి కొసకు పోయే సన్నటి తీగ తెలియదు, టవర్ నెత్తి మీదుగా దాటండి, మధ్యలో కాదు. సుబాబుల్, జామాయిల్ తోటలు పైనుంచి మెత్తటి పచ్చికలా కనిపిస్తాయి, మోసపోవద్దు. కర్రలు నాటిన కూరగాయల పాదులు, ముళ్లకంచెలు కూడా కాస్త కిందికి వస్తేగానీ తెలియవు.

గాలి లేనప్పుడు దిగడం ఇంకా కష్టం. ఎదురుగాలి లేకపోతే నేల మీద వేగమంతా కాళ్ల మీద పడుతుంది కాబట్టి ఫ్లేర్ (చివర్లో గ్లైడర్ ముక్కు పైకి తోసి వేగం ఆపడం) పూర్తిగా, ఒక్కసారే, సమయానికి కొట్టాలి. ముందే కొడితే పైకి లేచి పడతారు, ఆలస్యమైతే ముక్కు నేలకు గుద్దుకుంటుంది. పడిపోతున్నామని తెలిస్తే నిలువు గొట్టాలు పట్టుకుని వేలాడకుండా వదిలేయండి, పట్టుకున్నవాళ్ల చేయే విరుగుతుంది. నేల బార్‌కు చక్రాలు వేసుకోవడానికి నామోషీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మిర్చి కల్లంలో మాత్రం దిగొద్దు, పచ్చటి మిర్చి చేలోనూ వద్దు. ఒక కుటుంబం ఏడాది కష్టం అది. పొరపాటున తొక్కితే "బాబాయ్, పొలం తొక్కాను, నష్టం ఎంతో చెప్పండి" అని అక్కడే తేల్చుకోండి. ఐదు నిమిషాల్లో పిల్లలు మూగేస్తారు, గ్లైడర్ రెక్క గుడ్డ మీద నడుస్తారు. గట్టిగా కసరకుండా ఒక పెద్దాయన్ని పట్టుకుని చెబితే ఆయనే చూసుకుంటాడు. బూట్లు చీలమండ పైకి ఉండాలి, గడ్డివాముల దగ్గర, పత్తి కట్టెల్లో రక్తపింజర ఉంటుంది.

ఫోన్ లైవ్ లొకేషన్ అందరిదీ కారు డ్రైవర్‌కు కనిపించాలి, పవర్ బ్యాంక్ హార్నెస్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన ఫ్రెండ్ శాటిలైట్ మెసెంజర్ తెచ్చానంటే మెచ్చుకోకండి, అనుమతి లేకుండా వాటిని మన దేశంలో వాడితే కేసు అవుతుంది. ఆధార్ కాపీ, బ్లడ్ గ్రూపు రాసిన కార్డు జేబులో పెట్టుకోండి. ఎవరైనా గట్టిగా పడితే 108కి ఫోన్ చేయండి, మెడ, వెన్ను కదపకుండా ఉంచండి, మంచితనంతో ఊరివాళ్లు ఆటోలో ఎక్కించేయబోతారు, ఆపండి.

కింద 30 డిగ్రీలు ఉంటే 1,500 మీటర్ల పైన దాదాపు 15 ఉంటుంది, గ్లవ్స్, జాకెట్ తప్పదు, చలికి వేళ్లు బిగుసుకుంటే రిజర్వ్ హ్యాండిల్ కూడా లాగలేరు. నీళ్లు గొట్టంతో తాగేలా పెట్టుకోండి.

దిగగానే గ్లైడర్ మడతపెట్టకముందే "దిగాను, బాగున్నాను" అని గ్రూపులో పెట్టండి. మడిచేటప్పుడు బ్యాటెన్లు (రెక్క గుడ్డలో దూర్చే పుల్లలు) లెక్కపెట్టుకోండి. గట్టిగా దిగితే ఎవరి గొట్టం వంగిందో, ఏ కేబుల్ నలిగిందో ఆ సాయంత్రమే వెలుతురు ఉండగా చూసి రాసి పెట్టుకోండి. రాత్రి ఒంగోలులో బిర్యానీ తిన్నాక చూద్దాంలే అనుకుంటే మర్నాడు టో లైన్లో నిలబడ్డప్పుడే గుర్తొస్తుంది.