జ్ఞాపకశక్తి పాఠాలు – 3: పుస్తకం మూసేశాక మొదలయ్యే చదువు

ముందు ఒక కాగితం తీసుకోండి. రెండో పాఠంలో మనం మాట్లాడుకున్నవాటిలో ఏమేం గుర్తున్నాయో అన్నీ రాయండి. పాత పాఠం తెరవొద్దు, ఏమీ తట్టకపోయినా కనీసం రెండు నిమిషాలు తంటాలు పడండి.

రాశారా? అయితే సరిచూసుకుందాం. ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేవి చాలా తక్కువ అనుకున్నాం. 1956లో మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ ఏడుకి అటూ ఇటూ రెండు అంటే, 2001లో మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దగ్గరికి దించాడు. అందుకే ముక్కల్ని గుంపులుగా కట్టుకోవాలి: 1, 9, 1, 4, 1, 9, 3, 9 అని విడిగా చదివితే ఎనిమిది అంకెలు, రెండు ప్రపంచ యుద్ధాలు మొదలైన ఏళ్లుగా చూస్తే రెండే ముక్కలు. ఇందులో సగం కూడా రాయలేకపోయినా ఏం టెన్షన్ పడకండి, ఇందాక మీరు పడిన ఆ తంటాలే ఈ రోజు పాఠం.

మతిమరుపుని మొదట లెక్కగట్టి చూసినవాడు జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. అర్థంలేని అక్షరాల వరసల్ని బట్టీపట్టడం, కొంతసేపాగి అదే వరసని మళ్లీ నేర్చుకోవడం, మొదటిసారితో పోలిస్తే ఎంత సమయం ఆదా అయిందో చూసుకోవడం, అదీ ఆయన పద్ధతి. 20 నిమిషాలకి దాదాపు 58 శాతం ఆదా, గంటకి 44, ఒక రోజుకి 34, నెలకి 21. అంటే జారిపోయేదంతా మొదట్లోనే గబగబా జారిపోయి, తర్వాత వేగం బాగా తగ్గుతుంది. ఈ అంకెలు చూపించి ‘మనిషి ఒక్క రోజులో మూడింట రెండొంతులు మర్చిపోతాడు’ అని చాలామంది చెప్పేస్తుంటారు, దయచేసి మీరు అలా చెప్పకండి. ఆయన కొలిచింది మళ్లీ నేర్చుకోవడంలో మిగిలిన శ్రమని, అదీ ఏ అర్థమూ లేని అక్షరాలతో. అర్థమై చదివిన విషయం ఇంతకంటే చాలా బాగా నిలుస్తుంది.

మరి అర్థమయ్యే చదివాం, నాలుగుసార్లు చదివాం, అయినా అడిగితే నోరు పెగలదు. ఎందుకు? చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా గుర్తు తెచ్చుకోవడం వేరు. 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికావాళ్ల చేత వాళ్లు రోజూ వాడే ఒక సెంటు నాణేన్ని చూడకుండా గీయించారు. దాని మీదున్న ముఖ్యమైన ఎనిమిది వివరాల్లో సగంమంది మూడు దాటలేకపోయారు. వేలసార్లు చేతిలోకి వచ్చిన నాణెం గతే అది. పుస్తకంలో పేజీ కూడా అంతే, మళ్లీ మళ్లీ చూస్తే కళ్లకి అలవాటైపోతుంది, ఆ అలవాటుని మనం ‘వచ్చేసింది’ అనుకుంటాం.

2006లో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు చేసిన ప్రయోగం ఇక్కడ చెప్పాల్సిందే. విద్యార్థులు ఒక చిన్న వ్యాసాన్ని రెండుసార్లు చదివారు, ఇంకో వ్యాసాన్ని ఒకసారి చదివి, రెండోసారి చదవకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదానిదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది, రెండుసార్లు చదివినదాంట్లో 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసినదాంట్లో 56. రాసినదాంట్లో తప్పులెక్కడున్నాయో ఎవరూ చెప్పలేదు కూడా, కేవలం బయటికి లాగినందుకే అంత తేడా వచ్చింది. పిల్లలకి ‘బాగా చదువు’ అని పదిసార్లు చెప్తాం గానీ పుస్తకం మూసి రాయమని ఒక్కసారి చెప్పం, ఇది నాకు నిజంగా బాధ కలిగించే సంగతి.

ఇప్పుడు చేసి చూద్దాం. గుండె గురించి ఒక పేజీ చదివారనుకోండి. మూసేసి రాస్తున్నారు: నాలుగు గదులు, పై రెండూ కర్ణికలు, కింది రెండూ... ఆ పేరు నోట్లో నానుతోంది, ‘జ’తో మొదలవుతుందని తెలుసు, మిగతాది రావట్లేదు. చెయ్యి పేజీ వైపు పోతుంది, పోనివ్వకండి. ఒక అర నిమిషం ఆగి, బొమ్మ గీసి, ఊపిరితిత్తుల నుంచి రక్తం ఏ గదిలోకి వస్తుంది, అక్కడి నుంచి ఎటు దిగుతుంది అని పక్కదారుల్లో వెతకండి. జఠరికలు అని తడితే సరే, తట్టకపోయినా ఆ వెతుకులాట వృథా పోదు, ఎందుకంటే ఇప్పుడు తెరిచి చూసిన జవాబు ఊరికే చదివినదానికంటే గట్టిగా అతుక్కుంటుంది. తెరిచి చూడటం మాత్రం మానొద్దు, తప్పు రాసి సరిచూసుకోకపోతే ఆ తప్పే పాతుకుపోవచ్చు. వదిలేసినవాటిని వేరే రంగు పెన్నుతో రాయండి, మర్నాడు చదివే ముందు కొత్త కాగితం మీద మళ్లీ మొదటి నుంచి రాస్తే ఆ రంగు ఎంత తగ్గిందో మీకే కనిపిస్తుంది.

ఎన్ని రోజులకోసారి ఇలా చేయాలన్నది నాలుగో పాఠంలో. అది తెరిచే ముందు ఖాళీ కాగితం మీద మూడు జవాబులు రాసుకుని రండి: ఎబ్బింగ్‌హాస్ అసలు కొలిచిందేమిటి, నాణెం గీయమంటే ఏమైంది, వారం తర్వాత ఏ పద్ధతి ముందుంది.